వీక్రాస్ 2.5 టర్బో: సుంకి ఘాట్‌లో లాగుడు కావాలి. రీమ్యాపా, ట్యూనింగ్ బాక్సా?

రాయగడ_వీక్రాస్
అన్నలందరికీ నమస్తే. నాది 2017 ఇసుజు వీక్రాస్ పికప్, 2.5 డీజిల్, ఐదు గేర్ల మాన్యువల్, ఓడీ 18 (ఒడిశా) రిజిస్ట్రేషన్. సొంతూరు పార్వతీపురం, షాపు రాయగడలో. వైజాగ్ నుంచి సరుకేసుకుని సాలూరు మీదుగా కొరాపుట్ వెళ్ళే పని తరచూ పడుతుంది.

గొడవేంటంటే, ఆ దారిలోని సుంకి ఘాట్‌లో ముందు లోడు లారీ ఉందంటే ఇక అంతే. నాలుగో గేర్లో పెడల్ నేలకంటా తొక్కినా బండి ఆలోచించుకుంటుంది. టౌన్లో కూడా 1800 ఆర్పీఎం లోపు ప్రాణం లేనట్టే ఉంటుంది. ఆన్‌లైన్‌లో ట్యూనింగ్ బాక్స్ (వైరు మధ్యలో తగిలించే డబ్బా) చూశాను, వైజాగ్‌లో ఒకాయన రీమ్యాప్ చేస్తానన్నాడు, అంటే ఇంజన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చడం. 134 హెచ్‌పీని 175 చేస్తాడట. వారంటీ ఎప్పుడో అయిపోయింది. ఏది మేలు? క్లచ్ ఆగుతుందా? అనుభవం ఉన్నోళ్ళు చెప్పండి.

గుణుపురం_టర్బో
బాక్స్ పెట్టించెయ్ బ్రో, అరగంట పని. మా ఫ్రెండ్ బండికి పెట్టాం, మూడో గేర్లో తొక్కితే వెనకున్నోడికి రోడ్డు కనపడదు. నల్ల పొగ కొడితేనే పవర్ వచ్చినట్టు 😎

జైపూర్_గేరు
రాయగడ బాబూ, ముందు నాకు మూడు ముక్కలు చెప్పు. టైరు సైజేటి? ఎయిర్ ఫిల్టరు కంపెనీదేనా? డీజిల్ ఫిల్టరు ఎప్పుడు మార్చినావు?

గుణుపురం తమ్ముడూ, పొగంటే కాలని డీజిల్ రా. బంకులో నువ్వు డబ్బు కట్టిన డీజిలే సైలెన్సర్లోంచి బయటికొచ్చేస్తంది. దాన్ని పవరంటావేటి?

రాయగడ_వీక్రాస్
టైర్లు 265/70 ఆర్16 వేయించాను అన్నా, లుక్ బాగుంటుందని. ఫిల్టరు కోన్ టైపు, ఆయిల్ రాసేది. డీజిల్ ఫిల్టరు పోయిన సర్వీసుకి మార్చారు.

జైపూర్_గేరు
అద్గదీ. పవరు తగ్గించుకోడానికి డబ్బులిచ్చి, మళ్ళా పెంచుకోడానికి డబ్బులిస్తానంటున్నావు.

కంపెనీ టైరు 245/70. దాని ఎత్తు 749 మిల్లీమీటర్లు. నీది 777. అంటే దగ్గిర దగ్గిర నూటికి నాలుగు వంతులు పెద్దది. నీ గేర్లన్నీ అంత మేర పొడుగైపోయాయి, చక్రం దగ్గిర లాగుడు అంత మేర తగ్గిపోయింది. పైగా ఆ టైరు బరువు. స్పీడోమీటరు కూడా తక్కువ చూపిస్తాది, నువ్వనుకున్న దానికన్నా స్పీడుగా పోతన్నావు, చూసుకో.

ఇంక ఆ కోను. మన రాయగడ, దమన్‌జోడి రోడ్లల్లో ఎర్ర దుమ్ము ఎలాగుంటాదో నీకు నేను చెప్పక్కర్లేదు. ఆ దుమ్ము లోపలికి పోతే టర్బో కంప్రెసర్ (గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపేది) రెక్కల అంచులు అరిగిపోతాయి. రాసిన ఆయిల్ కొంచెం కొంచెంగా వెళ్ళి గాలి కొలిచే సెన్సార్ మీద కూర్చుంటాది. ఆ సెన్సార్ గాలి తక్కువొస్తందని చెప్తాది, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) డీజిల్ తగ్గించేస్తాది. ఈ వారమే ఆ కోను తీసి, పాత డబ్బా పెట్టి పేపర్ ఫిల్టర్ వెయ్యి. మిగతాది తర్వాత మాట్లాడదాం.

సునాబెడ_గ్రాఫ్
జైపూర్ అన్నగారితో ఏకీభవిస్తూ కొంత లెక్క కలుపుతాను. ఇది చూశాక మీకు నిజంగా కావలసిందేమిటో తేలుతుంది.

మనిషి, సరుకు కలిపి బండి 2,500 కిలోలు అనుకుందాం. నూటికి ఎనిమిది ఎక్కుడు, గంటకు 50 కిలోమీటర్లు. ఒట్టి ఎక్కుడుకే సుమారు 27 కిలోవాట్లు పోతాయి. టైరు రాపిడి, గాలి కలిపితే చక్రం దగ్గర 34, 35 దాకా కావాలి. అంటే 46 హెచ్‌పీ. మీ ఇంజన్‌కి 134 ఉన్నాయి. మరెందుకు ఎక్కదు?

ఈ ఇంజన్‌కి 320 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) దొరికేది 1800 నుంచి 2800 ఆర్పీఎం మధ్య. నాలుగో గేర్లో మీరు 1500 దగ్గర తొక్కుతున్నారు. అక్కడ టర్బో ఇంకా నిండదు. టార్క్ ఒక 220 ఉందనుకున్నా 1500 దగ్గర అది 34.6 కిలోవాట్లు, అదీ ఇంజన్ దగ్గర. గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ తినగా చక్రానికి చేరేది ఇంకా తక్కువ. అందుకే బండి ఆలోచిస్తోంది. అదే ఒక గేరు దించి 2200 దగ్గర పెడితే 73 కిలోవాట్లు పైచిలుకు, రెట్టింపు కన్నా ఎక్కువ. పైసా ఖర్చు లేని ట్యూనింగ్.

బాక్సుల గురించి కూడా. చౌక రకాలు చాలావరకు రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి వెళ్ళే డీజిల్ ఒత్తిడి) సెన్సార్ వైరు మధ్యలో కూర్చుని ఈసీయూకి అబద్ధం చెప్తాయి. ఉన్న ప్రెషర్ కన్నా తక్కువ ఉందని చూపిస్తే, ఈసీయూ పంపుని ఇంకా తోస్తుంది. డీజిల్ ఎక్కువ పడుతుంది, పవర్ పెరిగినట్టే ఉంటుంది. కానీ అసలు ఎంత పడుతోందో ఈసీయూకి తెలియదు. పొగ రాకుండా గాలికి తగినంత డీజిలే వదిలే హద్దు ఒకటి దానిలో రాసి ఉంటుంది. ఆ లెక్క మొత్తం తప్పిపోతుంది. పంపు, ఇంజెక్టర్లు ఎప్పుడూ మామూలు కన్నా ఎక్కువ ప్రెషర్లో పనిచేస్తుంటాయి.

ఇంకో రకం డబ్బా పెడల్‌కి తగిలిస్తారు. అది పవర్ ఒక్క హెచ్‌పీ కూడా పెంచదు. మీరు పావు వంతు తొక్కితే సగం తొక్కినట్టు చెప్తుంది, అంతే. నేలకంటా తొక్కినప్పుడు తేడా సున్నా.

బల్లార్షా_డీజిల్
తమ్మీ, నాది హైలక్స్ 2.8, ఎంహెచ్ 34. మా చంద్రపూర్ దిక్కు మే నెలల ఎండ నీకు ఎరికే గదా, 46 దాటుతది. నేను మ్యాప్ చేయించేటందుకు ముందుగాల చేసిన పని ఒకటే, ఎగ్జాస్ట్ టెంపరేచర్ మీటర్ పెట్టించిన. టర్బోకు ముందు, మ్యానిఫోల్డ్‌ల రంధ్రం కొట్టి థర్మోకపుల్ (వేడి కొలిచేది) పెట్టాలె. టర్బో తర్వాత పెడితే వేడి తక్కువ చూపెడ్తది, దాన్ని నమ్ముకుంటే అంతే సంగతి.

ఘాట్ మీద లోడుతోని నిమిషాలకు నిమిషాలు 720, 750 డిగ్రీలు దాటి ఉండొద్దు. పిస్టన్ అల్యూమినియంది, అల్యూమినియం 660 కాడ కరుగుతది. మరి ఎట్ల బతుకుతున్నదంటే కింద నుంచి ఆయిల్ కొట్టి చల్లార్చుతున్నది, పైన వేడి తగిలేది కూడా క్షణం సేపే. గా ఆయిల్ పాతదైనా, తక్కువున్నా ఆట ఖతం. గంటకు 140 కొట్టి మురిసేటోనికి మీటర్ అక్కెర లేదు. ఘాట్ ఎక్కేటోనికి మాత్రం స్పీడోమీటర్ కన్నా గిదే ముఖ్యం.

కొరాపుట్_కాఫీ
ఈ థ్రెడ్ చదువుతుంటే 1991 జీఎంసీ సైక్లోన్ గుర్తొచ్చింది. అమెరికాలో కంపెనీయే షోరూం నుంచి అమ్మిన టర్బో పికప్. 4.3 లీటర్ల వీ6 పెట్రోల్, 280 హెచ్‌పీ, నాలుగు చక్రాలకీ పవర్. అప్పట్లో ఒక పత్రికవాళ్ళు ఫెరారీ 348 పక్కన నిలబెట్టి పావు మైలు పరిగెత్తిస్తే పికప్పే ముందు చేరింది. కానీ వెనక మోయమన్న బరువు 500 పౌండ్లే, అంటే 227 కిలోలు. సిమెంటు బస్తాలైతే నాలుగు, మహా అయితే నాలుగున్నర 😄 రోడ్డు మీద పరుగుకి ట్యూన్ చేసిన బండి, బరువుకి ట్యూన్ చేసిన బండి వేరు వేరు. రాయగడ తమ్ముడికి ఏది కావాలో ముందు తేల్చుకోవాలి.

రాయగడ_వీక్రాస్
నాకు సరుకుతో ఎక్కాలి అన్నా, ఖాళీగా ఉన్నప్పుడు కొంచెం సరదా కూడా ఉండాలి. రెండూ అంటే అత్యాశేమో.

కోను తీసేసి పాత డబ్బా బిగించాను. కొద్దిగా తేడా ఉంది కానీ నేననుకున్నంత లేదు. గ్రాఫ్ అన్నగారు చెప్పినట్టు మూడో గేర్లో పెట్టి చూశాను, మెరుగే, కానీ 2400 దగ్గర కూడా ఊపిరాడనట్టే ఉంది. ఇంజన్ లెక్కలు ఫోన్‌లో చూపించే ఓబీడీ బ్లూటూత్ డాంగిల్ కొన్నాను. దాంట్లో ఏం చూడాలి?

సునాబెడ_గ్రాఫ్
నాలుగు లైన్లు రికార్డు చేయండి: ఈసీయూ కోరిన బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి), నిజంగా వచ్చిన బూస్ట్, కోరిన రైల్ ప్రెషర్, వచ్చిన రైల్ ప్రెషర్. మూడో గేర్లో 1500 నుంచి 3500 దాకా పూర్తిగా తొక్కి ఒక్క లాగుడు. ఖాళీ రోడ్డు చూసుకుని, ఫోన్ పక్కవాళ్ళ చేతికిచ్చి.

రాయగడ_వీక్రాస్
తీశాను అన్నా. 2400 దగ్గర కోరిన బూస్ట్ 220 కిలోపాస్కల్, వచ్చింది 185. రైల్ ప్రెషర్ మాత్రం కోరినదానికి అటూ ఇటూగా సరిగ్గానే ఉంది.

సునాబెడ_గ్రాఫ్
డీజిల్ వైపు బాగుంది, గాలి వైపే దొంగ ఉన్నాడు. టర్బో కొట్టిన గాలి ఎక్కడో బయటికి పోతోంది, లేదా టర్బో లోపలి వీజీటీ (కోణం మారే) రెక్కలు మసి పట్టి సరిగ్గా కదలడం లేదు. ఈ స్థితిలో రీమ్యాప్ చేయించి ఉంటే, లీకు ఉన్న గొట్టంలోకి టర్బోని ఇంకా గట్టిగా ఊదమని చెప్పడమే అయ్యేది.

జైపూర్_గేరు
రెక్కలకన్నా ముందు గొట్టాలు చూడు, అవే సులువు. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి (నొక్కిన గాలిని చల్లార్చేది), అక్కడి నుంచి ఇంజన్‌కి వెళ్ళే రబ్బరు గొట్టాలు, క్లిప్పులు. లీకున్న చోట నూనె తడి, దాని మీద దుమ్ము అట్ట కట్టి ఉంటాది. పైన చేత్తో తడిమి బాగుందనుకోకు. గొట్టం అడుగున, క్లిప్పు కొరికిన చోటే చీలుతాది. తడి కనబడకపోతే మెకానిక్ చేత ఒక బార్ లోపు గాలి పెట్టించి సబ్బు నీళ్ళు కొట్టించు. బుడగలే చెప్పేస్తాయి.

రాయగడ_వీక్రాస్
అన్నా, నీకు దండం. ఇంటర్‌కూలర్ కింది వైపు గొట్టం, సరిగ్గా క్లిప్పు కింద, బొటనవేలి గోరంత చీలిక. చేత్తో నొక్కితేగానీ తెరుచుకోదు. నొక్కగానే లోపలి నుంచి నల్లటి నూనె చెమ్మ వేలికి అంటుకుంది. బూస్ట్ ఎక్కినప్పుడు మాత్రమే తెరుచుకుంటోంది కాబోలు. ఇంతకుముందు సర్వీస్ చేసినచోట "టర్బో పోయింది, మార్చాలి" అని పెద్ద ఎస్టిమేట్ ఇచ్చారు. పేరు చెప్పను గానీ, ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.

కొత్త గొట్టం వేశాక 220కి 218 వస్తోంది. బండి మారిపోయింది. కానీ అన్నలూ, నిజం చెప్తున్నా, ఇప్పుడింకా ఆశ పుట్టింది 😅 మ్యాప్ చేయించాలనే ఉంది. సంయమనంగా అయితే ఎంత దాకా వెళ్ళొచ్చు?

బరంపురం_బాబాయ్
నాయనా, ఉత్సాహం మీద నీళ్ళు చల్లడం నా ఉద్దేశం కాదు, కానీ చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు చెప్పినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణలో 182ఏ(4) వచ్చింది: అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. పొగ పరిమితి దాటితే 190(2), మొదటిసారే 10,000 దాకా, పైగా మూడు నెలలు లైసెన్సుకి గండం. సాఫ్ట్‌వేర్ లోపల ఉంది, ఎవరు చూస్తారు అనుకుంటారు. ప్రమాదం జరిగి క్లెయిమ్ పెద్దదైన రోజున చూస్తారు. పవర్ పెంచానని బీమా కంపెనీకి ముందే రాసి చెప్పి, వాళ్ళ జవాబు కాగితం మీద తీసుకో. వాళ్ళు కాదంటే ఆ సంగతి కూడా అప్పుడే తెలుస్తుంది.

మీ పెద్ద టైర్లకీ ఈ మాట వర్తిస్తుంది సుమా.

మోడరేటర్
ఈజీఆర్ మూసేయడం, క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేయడం, డీపీఎఫ్ ఖాళీ చేయడం, అంటే కాలుష్యం తగ్గించే భాగాలను తీసేయడం గురించి వచ్చిన పోస్టులు తొలగించాం. ఈ వేదికలో ఆ పద్ధతులు చర్చించం. గుణుపురం_టర్బో గారూ, ఇది మీకే.

గుణుపురం_టర్బో
సరే సార్, సరదాగా అన్నాను.

సునాబెడ_గ్రాఫ్
బాబాయ్ గారు చెప్పింది విన్నాక కూడా చేయించాలనుకుంటే, ఒక్క విషయం మీ ట్యూనర్‌కి అర్థమయ్యేలా చెప్పండి. మీరు సముద్రం పక్కన తిరిగేవారు కాదు.

వైజాగ్‌లో గాలి ఒత్తిడి 101 కిలోపాస్కల్. కొరాపుట్ ఎత్తు 870 మీటర్లు, అక్కడ సుమారు 91. ఈసీయూ కోరే బూస్ట్ సంపూర్ణ ఒత్తిడి (బయటి గాలి ఒత్తిడి కూడా కలిపి) లెక్కలో ఉంటుంది. 220 కావాలంటే వైజాగ్‌లో టర్బో గాలిని 2.2 రెట్లు నొక్కితే చాలు. కొరాపుట్‌లో అదే 220కి 2.4 రెట్లు నొక్కాలి, అంటే ఇంకా వేగంగా తిరగాలి. ట్యూనర్ ఉషారుగా 250కి పెంచాడనుకోండి. వైజాగ్‌లో 2.5 రెట్లు, డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద గ్రాఫ్ అందంగా వస్తుంది, ప్రింటు తీసి చేతికిస్తాడు. మీరు కొరాపుట్ వచ్చాక అది 2.75 రెట్లు. ఫిల్టరు కొంచెం మూసుకుపోయి ఉంటే ఇంకా పైకి. ఆ చిన్న కంప్రెసర్‌కి వేగం హద్దు ఉంది. అది దాటితే గాలి చల్లగా రాదు, వేడెక్కి వస్తుంది, బేరింగులు అరుగుతాయి. ఎత్తుని బట్టి బూస్ట్ తగ్గించే పట్టిక ఒకటి కంపెనీ మ్యాప్‌లోనే ఉంటుంది. కొందరు ట్యూనర్లు దాన్ని "అడ్డు" అనుకుని తీసేస్తారు. మీ విషయంలో అసలు తాకకూడనిది అదే.

కాబట్టి అడగాల్సింది: బూస్ట్ కొద్దిగా మాత్రమే, 230 దాటకుండా. ఎత్తు పట్టిక యథాతథం. గాలికి డీజిల్ నిష్పత్తి 18కి 1 కన్నా చిక్కబడకూడదు, అదే పొగకి హద్దు. పాత ఫైలు కాపీ మీ పెన్‌డ్రైవ్‌లో ఉండాలి.

జైపూర్_గేరు
గ్రాఫ్ సారు లెక్క కరెక్టే. నేను మాత్రం ఒప్పుకోను. నా షెడ్డుకి వచ్చేవి మ్యాప్ బాగున్న బళ్ళు కాదు, మ్యాప్ చేయించాక యజమాని కాలు మారిపోయిన బళ్ళు. ఇంతకుముందు లారీ వెనకాల ఓపిగ్గా పోయినోడు ఇప్పుడు ప్రతి వంపులోనూ తొక్కుతాడు. క్లచ్ పోద్ది. ఎక్కేటప్పుడు పవరు కావాలన్నావు, మరి దిగేటప్పుడు? వెనక డ్రమ్ము బ్రేకులే కదా. ఆ డబ్బులతో ముందు డిస్కులు, ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్ చూసుకో.

మానను అనుకుంటే క్లచ్ పరీక్ష చేసి మరీ వెళ్ళు. ఐదో గేర్లో 1600 దగ్గిర ఒక్కసారి నేలకంటా తొక్కు. ముల్లు పైకి ఎగిరి, బండి స్పీడు మాత్రం అక్కడే ఉంటే క్లచ్ జారతంది. ఇప్పుడే జారితే మ్యాప్ మాటెత్తకు.

బల్లార్షా_డీజిల్
జైపూర్ అన్న మాటల న్యాయం ఉన్నది గని, మ్యాప్ మంచిగ రాస్తే క్లచ్ బతుకుతది. అసలు చంపేది పైన పవర్ కాదు, కింద టార్క్. 1400, 1500 కాడ టార్క్ మస్తు పెంచితే కనెక్టింగ్ రాడ్ మీద, క్లచ్ మీద దెబ్బ పడ్తది. బండి ఎక్కంగనే ఎగిరినట్టు అనిపియ్యాలని కొందరు గట్లనే రాస్తరు, కస్టమర్ ఖుష్. నువ్వు 1900 నుంచి మెల్లగ పెంచుమను. టార్క్ 370, 375 కాడ ఆపుమను. 175 హెచ్‌పీ మాట మర్చిపో, 155 నుంచి 160 చాలు. గది గూడ మీటర్ పెట్టినంకనే.

కొరాపుట్_కాఫీ
పక్కమాట: డీజిల్ ఎటువైపు కొడతారు? నేనైతే ఆంధ్రా దిగేముందు ఇటే ట్యాంకు నింపుకుంటాను, ధర తేడా ఉంది కదా. ట్యూన్ చేసిన బండికి క్వాలిటీ తేడా ఏమైనా వస్తుందా?

సునాబెడ_గ్రాఫ్
2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్6 డీజిలే, సల్ఫర్ 10 పీపీఎం లోపు. రాష్ట్రం మారితే మారేది పన్ను. అమ్మకం బాగా ఉన్న బంకు చూసుకోండి, ట్యాంకులో నీళ్ళు చేరే భయం తక్కువ.

రాయగడ_వీక్రాస్
అప్‌డేట్. క్లచ్ జారలేదు. ముందు ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్ మార్పించాను (జైపూర్ అన్న తిడతాడని). ఎగ్జాస్ట్ మీటర్ పెట్టించాను. బీమా వాళ్ళకి ఈమెయిల్ పెట్టాను, జవాబు రాలేదు, మళ్ళీ పెట్టాను. వైజాగ్ ట్యూనర్‌కి ఈ థ్రెడ్ చూపిస్తే మొదట ముఖం చిట్లించాడు, తర్వాత కూర్చుని ఓపిగ్గా రాశాడు. డైనో మీద 157 హెచ్‌పీ, 372 న్యూటన్ మీటర్లు.

సరుకుతో సుంకి ఎక్కాను. మూడో గేర్, 2200 దగ్గర. పొగ అద్దంలో కనబడలేదు. బూస్ట్ పైకెళ్ళేకొద్దీ 228 నుంచి 221కి దిగింది, ఎత్తు పట్టిక పనిచేస్తున్నట్టే కదా? మీటర్ 690 దాకా పోయింది, వంపు తర్వాత 640కి దిగింది. పొట్టంగి చేరాక రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపాను.

సునాబెడ_గ్రాఫ్
అవును, అది పట్టిక పనే. మే నెలలో అదే లోడుతో మళ్ళీ ఒకసారి చూడండి. గాలి వేడెక్కితే ఆ 690 ఇంకా పెరుగుతుంది. 720 దాటితే పెడల్ కొంచెం వదలండి, గేరు దించండి.

జైపూర్_గేరు
బానే ఉంది. టైర్లు మాత్రం అరిగాక 245కే రా.

గుణుపురం_టర్బో
బ్రో, ఆ ఫైలు నాకు పంపవా? నాది కూడా వీక్రాసే, 2018.

సునాబెడ_గ్రాఫ్
ఫైలు పంచుకోవద్దు. ఒకే మోడల్‌లోనూ ఈసీయూ సాఫ్ట్‌వేర్ వెర్షన్లు వేరుగా ఉంటాయి. నంబరు కలవని ఫైలు ఎక్కిస్తే బండి స్టార్టే కాకపోవచ్చు. మీ బండికి ముందు ఆ నాలుగు లైన్ల లాగ్ తీసి, కొత్త థ్రెడ్ తెరిచి పెట్టండి. ఫ్రెండ్ బండిలో ఉన్న బాక్స్ తగిలించి కాదు, మీ బండి మామూలుగా ఉన్నప్పటిది.